ఆపి మళ్ళీ పెట్టే ముందు

ఈ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ చెల్లుబాటయ్యే మందు ఒక్కటే ఉంది. టీవీలో బొమ్మ ఆగిపోయినా, సెల్‌ఫోన్ మొరాయించినా, బ్యాంకులో గుమాస్తాగారి ముందున్న తెర బిగుసుకుపోయినా, "ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి" అంటారు. వెనకటికి పల్లెటూళ్ళలో ఆచార్యులుగారని ఉండేవారు. జ్వరానికీ అజీర్తికీ ఒకటే మాత్ర ఇచ్చేవారట. కాకపోతే ఆ మాత్ర ఇచ్చే ముందు ఆయన నాడి పట్టుకుని చూసేవారు. మనం అది కూడా మానేశాం.

చిత్రమేమిటంటే ఈ మందు చాలాసార్లు పనిచేస్తుంది. పనిచేస్తుంది గనకే ఎందుకు పనిచేసిందని ఎవరూ అడగరు. రోగం కుదిరాక రోగం పేరేమిటని వైద్యుడి ఇంటికి వెళ్ళేవాళ్ళెవరు చెప్పండి? నేను కథలు రాసుకునేదాన్ని. కాలేజీలో చదివింది చరిత్రా, తెలుగూ. యంత్రాల లోపలి సంగతి నాకు తెలియదు గానీ, ఒక అలవాటు ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది అని వెతకడం మాత్రం సరదా. ఆ వెతుకులాటలో నాకు దొరికినవి ఇవి.

ఆపి మళ్ళీ పెట్టడాన్ని ఇంగ్లీషులో రీబూట్ అంటారు. ఆ బూటు కాలికి తొడుక్కునే బూటే. పైకి లాక్కోవడానికి వీలుగా దానికి వెనక ఒక తోలు పట్టీ ఉంటుంది, అది బూట్‌స్ట్రాప్. తన బూటు పట్టీ తనే పట్టుకుని తన్ను తాను గాల్లోకి ఎత్తుకోవడమని వాళ్ళలో ఒక పరిహాసం. 1950లలో కంప్యూటరు వాళ్ళు ఈ మాటను తీసుకున్నారు. ఎంచేతంటే, కంప్యూటరు ఏ పని చెయ్యాలన్నా లోపలికి ప్రోగ్రాం ఎక్కించాలి. ఎక్కించడానికి ఇంకో ప్రోగ్రాం కావాలి. మరి దాన్నెవరు ఎక్కిస్తారు? అంచేత మొదట ఒక చిన్న ముక్కను మనిషి మీటలు నొక్కి లోపల పెడితే, ఆ చిన్నది కాస్త పెద్దదాన్ని పిలిచేది, ఆ పెద్దది ఇంకా పెద్దదాన్ని పిలిచేది. ఎలక కథలో తాత, అవ్వ, మనవరాలు వరసగా వచ్చి చేరినట్టన్నమాట. అంత తతంగం ఉండేది గనక ఊరికే ఆపి పెట్టేద్దామని ఎవరికీ అనిపించేది కాదు.

ఆ కాలంలో ఇంకో విశేషం ఉంది. అప్పటి యంత్రాలు కరెంటు పోయినా మరిచిపోయేవి కావు. ఆవగింజ కన్నా కాస్త పెద్దవైన అయస్కాంతపు ఉంగరాలు, వాటిలోంచి అల్లిన సన్నటి తీగలు, అదీ అప్పటి కంప్యూటరు జ్ఞాపకశక్తి. కోర్ మెమరీ అనేవారు. 1953లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో వర్ల్‌విండ్ అనే యంత్రానికి జే ఫారెస్టర్ బృందం దీన్ని అమర్చింది. మన దేశంలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో 1960లో పని మొదలెట్టిన టిఫ్రాక్‌దీ ఇదే జాతి జ్ఞాపకశక్తి. యంత్రం పడిపోయినా, చివరి క్షణంలో దాని బుర్రలో ఏముందో ఆ ఉంగరాల్లో అలాగే ఉండిపోయేది. దాన్ని కాగితాల మీదికి దింపుకుని, వేళ్ళు పెట్టి చదువుకుంటూ, తప్పెక్కడ జరిగిందో కనిపెట్టేవారు. కోర్ డంప్ అన్న మాట అలా వచ్చింది. ఆ ఉంగరాలు పోయి చాలా ఏళ్ళయింది, మాట మాత్రం ఇప్పటికీ వాడుతున్నారు, ఇంకు పోసుకునే కలాలు పోయినా పత్రికల్లో "కలంపోటు" పోనట్టు.

చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో కంప్యూటరులో ప్రోగ్రాం మొత్తాన్ని ఇలాగే తీగలతో నేశారు. ఉంగరంలోంచి తీగ పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్న. మసాచుసెట్స్ రాష్ట్రంలో వాల్థమ్ అనే ఊళ్ళో, రేథియాన్ ఫ్యాక్టరీలో కూర్చుని ఆ నేత నేసినవాళ్ళు ఆడవాళ్ళు. "ముసలమ్మల మెమరీ" అని ఇంజనీర్లు ముద్దుగానో వేళాకోళంగానో పేరు పెట్టారు. 1969 జూలై 20న ఆ నౌక చంద్రుడి మీదికి దిగుతుండగా కంప్యూటరుకు పని ఎక్కువై, 1202 అనే అంకె తెర మీద చూపించి అలారం మోగించింది. రాడారు నుంచి వచ్చిన అక్కరలేని సంకేతాలు దాని సమయం తినేస్తున్నాయి. అలారం మోగినప్పుడల్లా ఆ యంత్రం తన్ను తాను ఆపుకుని మళ్ళీ మొదలెట్టుకుంది, ఒకసారి కాదు, దిగేలోపు పలుమార్లు. అయితే మొదలెట్టేటప్పుడు ఏది వదిలెయ్యాలో ఏది వదలకూడదో దానికి ముందే నేర్పి ఉంచారు. నౌక ఎంత ఎత్తులో ఉంది, ఎంత వేగంతో దిగుతోంది అన్నది పోనివ్వలేదు. మార్గరెట్ హామిల్టన్ నాయకత్వంలోని ప్రోగ్రామర్ల పనితనం అది. అన్నీ మరిచిపోయి మళ్ళీ లేవడం వేరు, అవసరమైనవి కొంగున కట్టుకుని లేవడం వేరు.

ఆ మరుసటి సంవత్సరం, 1970లో, ఇంటెల్ కంపెనీ 1103 అనే చిప్పును అమ్మకానికి పెట్టింది. ఉంగరాల కన్నా చవక. కానీ దాని జ్ఞాపకం చిల్లికుండలో నీళ్ళ వంటిది. సెకనుకు కొన్ని వందల సార్లు పోస్తూనే ఉండాలి, కరెంటు పోతే అన్నీ పోయినట్టే. ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్నవన్నీ ఆ వంశం వే. అంటే ఏమిటన్నమాట? అప్పటినుంచి ఆపి పెట్టడమంటే తుడిచి పెట్టడం కూడా అయింది. హత్య జరిగిన ఇంట్లో పోలీసులు వచ్చి పంచనామా రాసుకోకముందే గది కడిగి ముగ్గు పెట్టేసినట్టు.

ఇదే రోజుల్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే వ్యవస్థ తయారుచేస్తున్నారు. అంతకుముందు వచ్చిన మల్టిక్స్ అనేదానిలో, ఏదైనా తప్పు జరిగితే దాన్ని సర్దుకునే ఏర్పాట్లకే బోలెడంత ప్రోగ్రాం ఖర్చయ్యేది. మల్టిక్స్‌లో పనిచేసిన టామ్ వాన్ వ్లెక్ ఈ మాట రిచీతో అంటే, ఆయన మేం అవేమీ పెట్టుకోలేదన్నాడట. తప్పు జరిగితే "ప్యానిక్" అనే ఒక ముక్క ఉంది, అది పిలిస్తే యంత్రం పడిపోతుంది, అప్పుడు వరండాలోకి కేకేసి మళ్ళీ పెట్టమంటాం అన్నాడట. ఈ రోజు లోకమంతా ఆ వరండా కేకే కేస్తోందనిపిస్తుంది నాకు.

అలాగని ఆ కేక వట్టి తెలివితక్కువదీ కాదు. టాండెమ్ కంపెనీలో పనిచేసిన జిమ్ గ్రే అనే ఆయన 1985లో, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి అని ఒక పత్రం రాశాడు. తప్పులు రెండు రకాలన్నాడు. ఒకటి ఎన్నిసార్లు చూసినా అక్కడే కూర్చుని ఉంటుంది. రెండోది దొంగపిల్లి, వెతకబోతే కనపడదు, మళ్ళీ మొదలెడితే మాయమవుతుంది. బాగా పరీక్షించి వాడుకలోకి తెచ్చిన ప్రోగ్రాముల్లో మిగిలేవి ఎక్కువగా ఈ రెండోరకమే గనక, మళ్ళీ మొదలెట్టడం చాలాసార్లు ఫలిస్తుందని ఆయన వాదం. అదే పత్రంలో ఇంకో లెక్క ఉంది. ఆయన చూసిన వైఫల్యాల్లో 42 శాతం యంత్రాన్ని చూసుకునే మనుషుల చేతుల్లో జరిగినవి. మందు గొప్పదే, వేసే చెయ్యి చూసుకోమన్నమాట. 1995లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు కూడా, యంత్రం పడిపోయేదాకా ఆగకుండా, ఖాళీ వేళ చూసి మనమే అప్పుడప్పుడు ఆపి లేపడం మంచిదని లెక్కలు కట్టి చూపించారు. దానికి వాళ్ళు పెట్టిన పేరుకి తెలుగు చెప్పాలంటే కాయకల్పం.

1991 ఆగస్టు 25న ఫిన్లండులో, హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టార్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు, నేనొక వ్యవస్థ రాసుకుంటున్నాను, ఏదో సరదాకి, పెద్దదేమీ కాదులెండి అని నలుగురికీ తెలియజేశాడు. యూనిక్స్ పోలికలతో పుట్టిన ఆ పిల్లే లినక్స్. ఉచితంగా దొరికేది, పాత యంత్రాల మీద కూడా నడిచేది. మనుషులు మూల పడేసిన కంప్యూటరులో దీన్ని పెట్టి, ఫోటోలు, పాటలు, కాగితాలు దాచుకునే ఇంటి సర్వరుగా మార్చుకోవడం మొదలెట్టారు. ఇంటి సర్వరంటే అఖండ దీపం లాంటిదే. ఒక మూల పెట్టేస్తాం. ఎవరూ దానివంక చూడరు గానీ, ఆరితే మాత్రం ఇల్లంతా తెలుస్తుంది.

ఈ దీపాలు పెట్టుకున్నవాళ్ళకి ఒక గర్వం ఉంటుంది. "అప్‌టైమ్" అని రెండు చేతి వేళ్ళతో కొడితే, ఆపకుండా ఎన్నాళ్ళుగా నడుస్తోందో చెబుతుంది. మూడొందల రోజులు, నాలుగొందల రోజులు అని మీసాలు దువ్వుకుంటారు. ఆ గర్వానికి ఒకప్పుడు ఒక తమాషా జరిగేది. పాత లినక్సుల్లో సెకనుకు వంద గీతలు గీసుకుంటూ పోయే లెక్క ఒకటుండేది. దానికిచ్చిన గది 32 బిట్లు. 429 కోట్ల 49 లక్షల చిల్లర గీతలతో అది నిండిపోతుంది. రోజుల్లో చూస్తే 497. ఆ మర్నాడు అప్‌టైమ్ అడిగితే సున్నా నుంచి మొదలెట్టేది! తపస్సు చేసినవాడికి తపఃఫలం కళ్ళముందే మాయమైనట్టు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 లినక్సులో ఆ గదిని పెద్దది చేశారు. అంతకన్నా నాకు నచ్చిన పని ఇంకోటి చేశారు. చిన్నగది నిండడమనేది 497 రోజులకి గాక, యంత్రం లేచిన అయిదో నిమిషంలోనే జరిగేటట్టు లెక్కని ముందుకి జరిపి మొదలెట్టారు. తప్పుంటే ఏడాదిన్నర తరవాత అర్ధరాత్రి కాక, ఎదురుగా మనిషి ఉండగానే బయటపడాలని. పెళ్ళికి ముందే అలకపాన్పు ఎక్కించి చూడటం లాంటి తెలివి.

విండోస్ 95, 98లలో ఈ లెక్క సెకనుకు వెయ్యి గీతలు. అందుకని 49.7 రోజులకే యంత్రం బిగుసుకుపోయేది. దానికి మైక్రోసాఫ్ట్ 1999లో మందిచ్చింది. నాలుగేళ్ళపాటు ఎవరూ గమనించకపోవడానికి కారణమేమిటంటే, అన్నాళ్ళు ఆగకుండా నడిచిన విండోస్ ఉంటేగా! బోయింగ్ 787 విమానాల్లో జనరేటర్లను అదుపుచేసే ప్రోగ్రాములోనూ ఇలాంటి లెక్కే ఉంది. 248 రోజులు కరెంటు తియ్యకుండా ఉంచితే అది నిండి, నాలుగు జనరేటర్ల అదుపూ ఒక్కసారే పోవచ్చని తేలింది. 2015లో అమెరికా విమానయాన శాఖ, 120 రోజుల్లోపు ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండని ఆజ్ఞ జారీచేసింది. ఎయిర్ ఇండియా వాళ్ళు నడిపేవాటిలో ఈ 787లున్నాయి. మీరెక్కే ఉంటారు.

ఇంతవరకూ నవ్వుతూ చెప్పగలిగాను. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు.

1991లో గల్ఫ్ యుద్ధం జరుగుతోంది. సౌదీ అరేబియాలో ధహ్రాన్ దగ్గర, ఇరాక్ నుంచి వచ్చే స్కడ్ క్షిపణుల్ని గాల్లోనే కొట్టేందుకు అమెరికా వాళ్ళు పేట్రియట్ యంత్రాల్ని పెట్టారు. అవి మొదట యూరప్ కోసం చేసినవి. అక్కడ కొన్ని గంటలు పనిచేసి, ఇంకో చోటికి తరలిపోవాలని ఉద్దేశం. అందులోని గడియారం సెకనులో పదో వంతు చొప్పున కాలాన్ని లెక్కపెట్టేది. ఒకటిని మూడుతో భాగిస్తే .333 అని ఎంతకీ తెగదు చూడండి, అలా కంప్యూటరు లెక్కలో పదో వంతు ఎంతకీ తెగదు. 24 బిట్ల దగ్గర కత్తిరించేశారు. పోయింది సెకనులో కోటో వంతు. కానీ పది గీతలకొక సెకను చొప్పున, గంటలూ రోజులూ గడిచే కొద్దీ అది పోగవుతుంది.

ఫిబ్రవరి 11న ఇజ్రాయెల్ వాళ్ళు తమ దగ్గరున్న పేట్రియట్ల లెక్కలు చూసి, ఎనిమిది గంటలు ఆపకుండా నడిపితే యంత్రం చూసే చోటు 20 శాతం పక్కకి జరుగుతోందని అమెరికా వాళ్ళకి చెప్పారు. ఇజ్రాయెల్ వాళ్ళ దగ్గర లెక్కలు ఎలా ఉన్నాయంటే, వాళ్ళు యంత్రానికి రికార్డరు తగిలించి, అదేం చేస్తోందో రాసుకునేవారు. అమెరికా సేనాధిపతులకూ ఆ రికార్డర్లున్నాయి. తగిలిస్తే యంత్రం ఆగిపోతుందేమోనన్న భయంతో తగిలించలేదు. ఫిబ్రవరి 16న దిద్దిన ప్రోగ్రాం తయారైంది, యుద్ధభూమికి బయల్దేరింది. ఫిబ్రవరి 21న, మరీ ఎక్కువసేపు నడిపితే గురి తప్పవచ్చు సుమా అని అందరికీ ఒక కబురు పంపారు. మరీ ఎక్కువసేపంటే ఎంతసేపో అందులో రాయలేదు. ఎనిమిది గంటలకి మించి ఎవరు నడుపుతారులే అనుకున్నారు.

ఫిబ్రవరి 25 రాత్రికి ధహ్రాన్‌లోని ఆ యంత్రం వంద గంటలకి పైగా ఆగకుండా నడిచి ఉంది. గడియారం సెకనులో మూడో వంతు తప్పింది. అంటే, తరవాత అమెరికా పార్లమెంటుకి ఇచ్చిన నివేదిక ప్రకారం, చూడవలసిన చోటు 687 మీటర్లు జరిగింది. స్కడ్ వచ్చింది. యంత్రం పక్కకి చూసింది, అక్కడేమీ లేదు. అల్ ఖోబర్‌లో సైనికులు పడుకునే ఒక గిడ్డంగి మీద అది పడింది. 28 మంది చచ్చిపోయారు. వాళ్ళలో 13 మంది పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఒక దళంవాళ్ళు, వాళ్ళ పని యుద్ధం కూడా కాదు, మంచినీళ్ళు శుభ్రం చెయ్యడం. వచ్చి ఆరు రోజులే అయింది. అల్ ఖోబర్, దమ్మాం అన్న పేర్లు మన కరీంనగర్, గోదావరి జిల్లాల ఇళ్ళలో ఎంత చనువైనవో తెలుసు గనక, ఈ ఉదంతం చదివినప్పుడు నాకు అది పరాయి చోటనిపించలేదు.

దిద్దిన ప్రోగ్రాం ఫిబ్రవరి 26న అందింది. మర్నాడన్నమాట.

ఆపి మళ్ళీ పెడితే గడియారం సున్నా అయి ఆ రాత్రి గండం గడిచేది. అందుకు పట్టేది 60 నుంచి 90 సెకన్లని అదే నివేదిక చెబుతోంది. అంచేత ఆపి పెట్టడాన్ని నేను తిట్టడం లేదు, అర్థమవుతోంది కదూ? అక్కడ లేనిది ఆపే మీట కాదు. ఎప్పుడు ఆపాలో, ఎందుకు ఆపాలో తెలిసే దారి లేదు. ఆ తెలివి వచ్చింది రికార్డరు తగిలించుకుని, నడుస్తున్న యంత్రం మాట విన్నవాళ్ళకి.

ఇంత పెద్ద సంగతి పక్కన మా ఇంటి సంగతి చెప్పడం బాగుండదు గానీ, నడుస్తున్న యంత్రం మాట వినడమంటే ఏమిటో నేను కళ్ళారా చూసింది అక్కడే. మా మెట్ల కింద మా మేనల్లుడు కాలేజీలో వాడి వదిలేసిన కంప్యూటరు, లినక్స్ సర్వరై కూర్చుని ఉంది. కిందటి సంవత్సరం మా అమ్మ పాడిన మంగళహారతులూ, పెళ్ళి పాటలూ ఉన్న పాత క్యాసెట్లను అందులోకి ఎక్కించాం. 1984 ప్రాంతంలో రికార్డు చేసినవి. టేపు ఎంత పెళుసెక్కిందంటే, చాలావాటికి అదే ఆఖరి పాట అయింది, తిరగడం అయ్యాక పీచులా ఊడొచ్చింది. ఆ రికార్డింగు ముగించిన పెద్దమనిషి ప్రోగ్రామును ఆపడం మరిచిపోయారు. ఆయన పేరు రాయనని మాటిచ్చాను, మా ఇంట్లోనే ఉంటారు. క్యాసెట్ లేకపోయినా ఆ ప్రోగ్రాం నిశ్శబ్దాన్ని రోజుకి పదిహేను జీబీ చొప్పున రికార్డు చేస్తూ పోయింది. పన్నెండో రోజుకి డిస్కు నిండిపోయి, ఫోటోలు ఎక్కడం మానేశాయి.

మేనల్లుడు వచ్చి, పేరులో వట్టి అంకెలే ఉన్న ఒక మహాకాయుడిని చూసి, చెత్త అనుకుని తీసేశాడు. తీసేసినా చోటు ఖాళీ కాలేదు. ఫైళ్ళన్నీ కలిపి తూకం వేసే "డీయూ" అనే ఆజ్ఞ సగం డిస్కు ఖాళీ అంటుంది. డిస్కు తన పద్దు చూసి చెప్పే "డీఎఫ్" అనేది అంగుళం చోటు లేదంటుంది. "దీనికి మతి చెడింది అత్తా, ఆపి పెట్టేస్తే చోటు వచ్చేస్తుంది" అన్నాడు. నిజం, వచ్చేసేది. నేను పేట్రియట్ కథ చదువుతున్న రోజులవి. "రెండు పద్దులూ ఎందుకు కలవలేదో అది చెప్పరా, తరవాత ఆపుదువుగాని" అన్నాను. విసుక్కుంటూనే కూర్చున్నాడు. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు పట్టుకుని ఉందో చూపే "ఎల్‌ఎస్‌ఓఎఫ్" అనే జాబితా తీశాడు. అందులో రికార్డింగ్ ప్రోగ్రాం పేరు, దాని చేతిలోని ఫైలు పేరు, పక్కనే తీసేయబడింది అన్న మాట. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "అత్తా, ఇది నానమ్మ ఫైలు" అన్నాడు.

ఇక్కడే థాంప్సన్‌కీ రిచీకీ నేను చేతులెత్తి దణ్ణం పెట్టాలి. యూనిక్స్‌లో మొదట్నుంచీ ఫైలు పేరు వేరు, ఫైలు ఒళ్ళు వేరు. తీసెయ్యమంటే పోయేది పేరు. ఏదైనా ప్రోగ్రాం దాన్ని ఇంకా పట్టుకుని ఉంటే, చెయ్యి వదిలేదాకా ఒళ్ళు పోదు. పద్దులు కలవకపోవడానికి కారణం అదే. పేరు పోయింది గనక తూకంలో లేదు, ఒళ్ళుంది గనక చోటు ఖాళీ లేదు. ఆపి పెడితే ప్రోగ్రాం చచ్చి, చెయ్యి వదిలి, చోటు నిజంగానే ఖాళీ అయ్యేది. మరి ఆ చెయ్యి పట్టుకున్నదాన్ని అందుకోవడమెలా? 1984లో బెల్ ల్యాబ్స్‌లోనే టామ్ కిలియన్ అనే ఆయన, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ ఒక ఫైలులా కనపడేటట్టు "ప్రాక్" అనే ఏర్పాటు చేశాడు. ఆ ఊహే లినక్సుకీ వచ్చింది. అందులోకి వెళ్ళి, ఆ ప్రోగ్రాం పట్టుకున్న నాలుగో నంబరు ఫైలుని బయటి డిస్కులోకి కాపీ చేసుకున్నాడు మావాడు. మూడు గంటలు పట్టింది. మొదటి క్యాసెట్ తెరిచి చూస్తే, పాటకి ముందు అమ్మ ఎవర్నో తలుపు వెయ్యమని కేకలేస్తోంది.

అమ్మ సంగతి అయ్యాక మావాడికి బుద్ధి పుట్టి, ఆ రోజు యంత్రాన్ని ఆపలేదు. 412 రోజులుగా నడుస్తున్నది, అన్నాళ్ళలో చేతితో మార్చినవన్నీ డిస్కులో రాసి ఉన్నాయా, లేక దాని బుర్రలోనే ఉన్నాయా అని చూశాడు. నెట్‌వర్కు అమరిక ఒకటి బుర్రలోనే ఉంది. అఖండ దీపానికి వత్తి మార్చేటప్పుడు ముందు దాని మంటతోనే ఇంకో దీపం వెలిగించుకుంటాం కదా, అలా అన్నిటికీ ఇంకో డిస్కులో నకలు తీశాడు. కెర్నెల్ తనలో తాను గొణుక్కునే మాటల చిట్టా ఒకటుంటుంది, అది గుండ్రంగా తిరిగే పలక లాంటిది, కొత్తవి రాసే కొద్దీ పాతవి చెరిగిపోతాయి. దాన్ని కాగితం మీద దింపుకున్నాడు. ఏళ్ళ తరబడి తిరుగుతున్న డిస్కు ఆపితే మళ్ళీ తిరుగుతుందో లేదోనని దాని ఆరోగ్యం అడిగాడు. రెండో రోజు ఆదివారం, అందరూ భోజనాలు చేశాక ఆపి పెట్టాడు. లేచింది. ప్రింటరొక్కటే నాలుగు రోజులు అలిగింది.

"నువ్వు అనుకుంటున్నావు గానీ అత్తా, ఇదే పని నాసా వాళ్ళూ చేశారు" అని తరవాత వాడే నాకు వాయేజర్ సంగతి చెప్పాడు. 1977 సెప్టెంబరు 5న బయల్దేరిన వాయేజర్-1, 2023 నవంబరులో అర్థంలేని ఒకటే మోత పంపడం మొదలెట్టింది. సమాచారాన్ని మూటకట్టే దాని కంప్యూటరుని నాసా వాళ్ళు దూరాన్నుంచే ఆపి మళ్ళీ పెట్టి చూశారు. కుదరలేదు. అప్పుడు ఆ కంప్యూటరుని చిన్నగా పొడిచినట్టు ఒక ఆజ్ఞ పంపారు, 2024 మార్చి మొదట్లో. దానికి వచ్చిన జవాబు మిగతా మోతలా లేదు. ఒక ఇంజనీరు దాన్ని విప్పి చూస్తే, ఆ కంప్యూటరు తన జ్ఞాపకం మొత్తాన్ని ఉన్నదున్నట్టు దింపి పంపింది. వెనకటి కోర్ డంప్ లాంటిదే, 2,400 కోట్ల కిలోమీటర్ల అవతలినుంచి. బాగున్న రోజుల్లో వచ్చిన దానితో పోల్చి చూసుకున్నారు. జ్ఞాపకంలో మూడు శాతం చెడింది, ఒకే ఒక చిప్పు పాడైంది. వెళ్ళి మార్చే చోటా అది? ఆ చిప్పులో ఉన్న ప్రోగ్రామును ముక్కలు చేసి, మిగిలిన జ్ఞాపకంలో సందు దొరికిన చోటల్లా సర్దారు, నలభై ఏళ్ళ కిందటి కాగితాలు ముందు పెట్టుకుని.

మాట వెళ్ళడానికి 22 గంటలన్నర, జవాబు రావడానికి మళ్ళీ అంత. ఏప్రిల్ 18న మొదటి ముక్క పంపారు. ఏప్రిల్ 20, శనివారం నాడు, అయిదు నెలల తరవాత మొదటిసారిగా, తన ఒంట్లో ఎలా ఉందో అది తెలిసే మాటల్లో చెప్పింది. జూన్‌కల్లా దానిలో పనిచేస్తున్న నాలుగు పరికరాలూ మళ్ళీ కబుర్లు పంపసాగాయి.